చక్కెర లేని ఉగాది

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియనిది కూడా లోకంలో ఒకటి ఉంటుందన్న అనుమానం ఎప్పుడూ రాలేదు. ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరి, ఖానాపురం హవేలిలో ఒక గది, వంటిల్లు కిరాయికి తీసుకున్నాను. పదో తరగతి పిల్లలకు క్లోమం గురించి పాఠం చెప్పాను కాబట్టి, షుగరు జబ్బు ఇక నా చెప్పుచేతల్లో ఉన్నట్టే అనుకున్నాను. (బోర్డు మీద క్లోమం బొమ్మ బాగానే గీసేదాన్ని. పిల్లలు మాత్రం దాన్ని మిరపకాయ అనుకున్నారు.)

ఆ ఏడాది ఉగాదికి మా మేనమామను భోజనానికి పిలిచాను. ఆయన ఇల్లందులో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. నా సంపాదనతో ఆయనకు ఒక పండుగ పూట అన్నం పెట్టాలని ఎన్నాళ్లుగానో కోరిక. అయితే మామకు షుగరు. అన్నానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. పెళ్లిళ్లలో అందరూ లడ్డూలు తింటుంటే ఆయన విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం చూసి నాకు ప్రాణం ఉసూరుమనేది. నా ఇంట్లో అలా జరగకూడదు. అంటే, ఆయన తినకూడనిది నా ఇంట్లో ఉండనే కూడదు! ఫోనులో వీడియోలు చూసి కొర్రల అన్నం, కాకరకాయ కూర, మెంతికూర పప్పు అని ఖాయం చేసుకున్నాను. ఉగాది పచ్చడిలో బెల్లం మానేశాను. (మిగిలిన ఐదు రుచులూ అడ్డుచెప్పేవాళ్లు లేక వీరంగం వేశాయి.) ముందురోజే ఇంట్లో ఉన్న చక్కెర, బెల్లం తీసుకెళ్లి పక్కింటి అత్తకు ఇచ్చేశాను.

"పండుగ పూట అందరు తెచ్చుకుంటరు, నువ్వేంది బిడ్డా ఇచ్చేస్తున్నవ్?" అంది అత్త.

"మా మామకు షుగర్ అత్తా," అన్నాను, నాకేదో బిరుదు వచ్చినట్టు.

మామ తెల్లచొక్కా తొడుక్కుని, గుమ్మంలోంచే కబుర్లు మొదలుపెడుతూ వచ్చాడు. "అన్నం అయిపోవచ్చింది మామా, సూది ఏసుకో," అన్నాను వంటింట్లోంచి. అయిపోవచ్చిందని నేననుకున్నాను గానీ కొర్రలు అనుకోలేదు. వాటిని ముందే నానబెట్టాలని వీడియోలో చెప్పే ఉంటారు, నేనే ఆ ముక్క చూడకుండా ముందుకు జరిపేసి ఉంటాను. మూత తీస్తే ఇసుక. నీళ్లు పోసి ఉడికించి మళ్లీ తీస్తే తడి ఇసుక. ఇంకాస్త నీళ్లు పోసి, మంట పెంచి, గరిటెతో కుస్తీ పడుతున్నాను. ముందుగదిలో మామ బాయి ముచ్చట్లు ఎప్పుడు ఆగిపోయాయో గమనించలేదు.

"బిడ్డా, ఇంట్ల చక్కెరుందా?" అన్నాడు కాసేపటికి.

పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. "లేదు మామా! పలుకు కూడా లేదు!"

"బెల్లం?"

"అది కూడా లేదు!"

"అరటిపండన్న..."

"అమ్మో, షుగరున్నోళ్లకు అరటిపండా!"

"గట్లనా? మంచిది. అయితే నేను పడిపోతున్న," అన్నాడు చాలా మర్యాదగా.

గరిటె పడేసి వచ్చి చూశాను. చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తి, "అత్తా, నా చక్కెర నాకియ్యి!" అని అరిచాను. పాపం ఆమె ఏమనుకుందో గానీ డబ్బాతో నా వెనకే పరిగెత్తుకొచ్చింది. చక్కెర కలిపిన నీళ్లు మామ తాగుతుంటే గ్లాసు ఆయన చేతుల్లో వణికిందో నా చేతుల్లో వణికిందో తెలియదు. కాసేపటికి ఆయన ముఖంలోకి కళ తిరిగొచ్చింది. అత్త వాళ్లింటి నుంచి తెల్లన్నం, పప్పు, వేడివేడి భక్ష్యాలు తెచ్చింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.

"ఏడవకు బిడ్డా. పళ్లెం ముందట పెట్టినంకనే సూది ఏసుకోవాలె, తినకుంటే షుగర్ పడిపోతది, నాకు తెల్వదా? నువ్వు గంత సంబురంగ పిలిస్తే ఆగబుద్ధి కాలే," అన్నాడు మామ అన్నం కలుపుకుంటూ. తర్వాత నా ఉగాది పచ్చడి ఒక చెంచా నోట్లో వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, "ఈ ఏడు జర కష్టాలున్నట్టున్నయి," అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన భక్ష్యాన్ని తుంచి, చిన్న ముక్క తనకుంచుకుని పెద్దది నా పళ్లెంలో వేశాడు. "తీపి తినకపోవుడు కష్టం కాదు బిడ్డా. నన్ను చూసి పక్కనోళ్లు తినుడు ఆపుతరు చూడు, గది కష్టం. తిను."

పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే గడిపిన నేను, అప్పుడు ఆయన పక్కన కూర్చుని తిన్నాను.

మధ్యాహ్నం మామ చాప మీద నడుం వాల్చాడు. నాకు భయం తీరలేదు. మెల్లగా వెళ్లి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఇంకాసేపటికి మళ్లీ పెట్టాను. మూడోసారి కళ్లు తెరవకుండానే, "బతికే ఉన్న తియ్యి, జర పండుకోనియ్యి," అన్నాడు.

ఆ సైన్సు టీచరమ్మను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దుగానూ ఉంటుంది. మామ ఇప్పటికీ వస్తుంటాడు. ఆయన కునుకు తీసినప్పుడు నేనిప్పుడు వేలు పెట్టను. గుమ్మం దగ్గర నిలబడి, చొక్కా లేచి పడుతోందా లేదా అని ఊరికే చూసి వస్తాను.