మూడో దీపం

మా ఇంటి ఓనరు ఓడెట్ తొంభై మూడేళ్ల మనిషి. జర్మనీలోని వాల్డార్ఫ్‌లో మేము పైన, ఆవిడ కింద. ఓమా అనేదాన్ని, ఇక్కడ బామ్మల్ని పిలిచినట్టు. పెరుగు కప్పు మూత తప్పు చెత్తడబ్బాలో పడిందంటే చాలు, మెట్లెక్కి వచ్చి మరీ చీవాట్లు పెట్టేది. ఆవిడ చెప్పుల చప్పుడు వింటే మా ఆయన జితేంద్ర బాత్‌రూమ్‌లోకి దూరేవాడు. నేను మాత్రం మాటకు మాట అప్పజెప్పేదాన్ని. పోయిన వసంతంలో ఆవిడ పోయింది. ఆ పోట్లాటలు తలుచుకుంటే ఇప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది.

వచ్చిన మొదటి ఏడు కార్తీక పౌర్ణమికి మూడువందల అరవై అయిదు వత్తులూ వంటింట్లో వెలిగించి, స్మోక్ అలారం మోగించి, ఫైరింజన్ని రప్పించిన ఘనురాలిని. మరుసటేడు బుద్ధిగా పెరట్లోకి దిగాను. ఉసిరి చెట్టెక్కడ దొరుకుతుంది? ఆపిల్ చెట్టుతో సరిపెట్టుకున్నాను. ఉన్నవి మూడే ప్రమిదలు. గాలికి నిలవడం లేదని గోడ మూలకి జరిపి, రెండు వరసగా, మూడోది పక్కకి పెట్టాను. సాయంత్రం అయిదున్నరకే చీకటి పడి, చంద్రుడు పైకొచ్చేశాడు.

కింది తలుపు తెరుచుకుంది. అయిపోయాననుకుని దీపాలు ఆర్పబోయాను.

“ఆర్పకు!” ఓడెట్ నా చెయ్యి పట్టుకుంది. “ఇలా పెట్టమని నీకెవరు చెప్పారు?”

“గాలి చెప్పింది ఓమా.”

ఆవిడ బెంచీ మీద కూలబడి, మెల్లగా చెప్పుకొచ్చింది. పుట్టింది ఫ్రాన్సులో ఒక పల్లె. యుద్ధంలో జర్మన్ సైన్యం ఆ ఊళ్లో ఉండగా, వెన్నెల రాత్రుల్లో లండన్ నుంచి చిన్న విమానం వాళ్ల పచ్చికబీట్లో రహస్యంగా దిగేదట. గూఢచారుల్ని దింపి, వెళ్లాల్సినవాళ్లని ఎక్కించుకుని, మూడు నిమిషాల్లో ఎగిరిపోయేది. మూడు టార్చిలైట్లు సరిగ్గా ఇలా వెలుగుతుంటేనే దిగేది. ఒక్కటి లేకపోయినా దిగదు. వాళ్లన్న లూసియన్ ఆ విమానంలోనే వెళ్లాడు. తిరిగొచ్చే రాత్రి మూడో టార్చి పదకొండేళ్ల ఓడెట్ చేతిలో ఉంది.

“రోడ్డు మీద కారు చప్పుడైంది. సైనికులనుకుని లైటు ఆర్పేశాను. కాన్పుకి వెళ్తున్న డాక్టరు కారది. విమానం రెండు చుట్లు తిరిగి వెళ్లిపోయింది. మరుసటి నెల అన్నయ్యని ఇంకో ఊళ్లో దింపారు. అక్కడ జర్మన్లు పట్టుకుని కాల్చేశారు.” మూడో దీపం వైపు చూస్తూ, “మా ఆయనక్కూడా చెప్పలేదు,” అంది.

నాకు ఏడుపొచ్చింది.

గాలి విసిరింది. మూడో దీపం రెపరెపలాడింది. ఓడెట్ తడిగడ్డిలో మోకాళ్లూని రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“చలి ఓమా, లోపలికి పదండి.”

“నూనె ఉన్నంతసేపూ ఉంటాను.”

నేను లోపలికి పరుగెత్తి నువ్వులనూనె సీసా తెచ్చాను. ఆవిడ పక్కనే కూర్చుని, తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చాను. ఏడు దాటాక ఫ్రాంక్‌ఫర్ట్ వైపు వెళ్లే విమానం ఒకటి మా మీదుగా వెళ్లింది. ఓడెట్ చేతులు తియ్యకుండానే తల పైకెత్తింది.

“వెలుగుతూనే ఉంది లూసియన్,” అంది. “దిగు.”