ఆర్లీన్ మీద ఇరవై మూడు కంప్లయింట్లు

వెండెల్ గ్రాబోస్కీ కోటుకు రెండు జేబులు. కుడి జేబులో కుక్క బిస్కట్లు, ఎడమ జేబులో కంప్లయింటు కాగితాలు. ముప్పై ఒక్క ఏళ్ళుగా సరస్సు ఒడ్డునున్న మా ఈరీ ఊరి తూర్పు వీధుల్లో పార్సెళ్ళు పంచుతున్న మనిషికి ఈ రెండూ లేకపోతే ఒంటి మీద బట్ట లేనట్టే. బిస్కట్లు కుక్కల్ని లొంగదీయడానికి, కాగితాలు మేనేజర్లని లొంగదీయడానికి. కుక్కలు తొందరగా లొంగేవి, అది వేరే సంగతి.

డిపోలో యూనియన్ ప్రతినిధి ఆయనే. కంప్లయింటు రాయడమంటే ఆయనకి అదో నిష్ఠ. కాగితానికి మూడు ప్రతులు. తెల్లది కంపెనీకి, పసుపుది యూనియన్‌కి, గులాబీది ఆయన బీరువాలోకి. ప్రతి దాని మీదా తేదీ, వేళ, వీధి, ఇంటి నంబరు. కింద మేనేజరు ‘అందింది’ అని సంతకం పెట్టాలి. పెట్టేదాకా గుమ్మంలోంచి కదలడు మహానుభావుడు. "మీ ఆయన నన్ను కూడా రాసిపెట్టుకున్నాడేమో కాస్త చూడవే" అని పొరుగావిడ గ్రాబోస్కీ భార్య బెర్నీస్‌ని ఆటపట్టించేది. "మొదటి అరవై కాగితాలూ నా మీదేలే" అనేది బెర్నీస్.

ఆయనకు ఏడాదంతా సవ్యంగానే గడిచేది. నవంబరు సగంలో పడేసరికి మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. క్రిస్మస్ పార్సెళ్ళు కొండలా వచ్చి పడతాయి కదా, కంపెనీవాళ్ళు సీజను మనుషుల్ని దింపుతారు. రిటైరైన పంతుళ్ళు, పెయింటర్లు, ఎవరో ఒకరి బావమరుదులు. సొంత కార్లేసుకుని వస్తారు. పైన ఒక పసుప్పచ్చ చొక్కా తగిలిస్తారు, అంతే, డ్రైవరైపోయినట్టే! వాళ్ళకి మా డిపోలో ‘మంచుబొమ్మలు’ అని పేరు. పండగ వెళ్ళగానే కరిగిపోతారని. రెగ్యులర్ డ్రైవర్లు వాళ్ళ పేర్లు కూడా అడగరు. తమ ఓవర్‌టైమ్‌ని పట్టుకుపోయేవాడి పేరు తెలుసుకుని ఏం చేసుకుంటారు?

ఇంకొక నిబంధన ఉంది. సీజను మనిషి క్రిస్మస్ లోపల ముప్పై రోజులు పనిచేస్తే యూనియన్ జాబితాలోకి ఎక్కుతాడు. ఉద్యోగం ఖాయం, ఆరోగ్య బీమా కార్డు చేతికొస్తుంది. అందుకే కంపెనీ ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం "రేపట్నుంచి రానక్కర్లేదు" అని చిరునవ్వుతో చెప్పేస్తుంది. ఏటా ఇదే తంతు. ముప్పయ్యో రోజు చూసిన మంచుబొమ్మ ఈమధ్య కాలంలో మా డిపోలో లేడు.

ఆ నవంబరు పదిహేడు, సోమవారం, ఒక పాత నీలం వ్యాను వచ్చి సరిగ్గా గ్రాబోస్కీ లారీ నిలిపే చోట ఆగింది. అందులోంచి అరవై ఒక్క ఏళ్ళ ఆవిడ కుంటుకుంటూ దిగింది. పేరు ఆర్లీన్ స్కాలైజ్.

"ఇక్కడ ఆపకూడదమ్మా" అన్నాడు గ్రాబోస్కీ, మర్యాదగానే.

ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "చెవులు ఎర్రబడిపోయాయి. టోపీ ఏది నాయనా?"

"టోపీ సంగతి కాదు, వ్యాను..."

"ముందు టోపీ పెట్టుకో. తర్వాత పోట్లాడుకుందాం."

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి పట్టుకుని నాయనా అంటుందా! గ్రాబోస్కీ సాయం కోసం వెనక్కి తిరిగాడు. వెనక నిలబడ్డ డ్రైవర్లంతా చేతులు జేబుల్లోంచి తీసి, బుద్ధిమంతుల్లా నిలబడి ఉన్నారు.

"ఏమైందిరా మీకు?" అన్నాడు.

"ఆవిడ పధ్నాలుగో నంబరు స్కూలు బస్సు నడిపేది గురూ," అన్నాడు రికో, ఆరడుగుల మనిషి, గొంతు తగ్గించి. "మేమంతా ఆ బస్సులో పెరిగినవాళ్ళమే. మూడో క్లాసులో నేను ఆవిడ ఒళ్ళో వాంతి చేసుకున్నాను. ఇప్పుడు వెళ్ళి వ్యాను తీయమని ఎలా చెప్పను?"

తర్వాత రికోనే మిగతాది కూడా చెప్పాడు. స్కూలువాళ్ళు బస్సులు కంట్రాక్టుకి ఇచ్చేశారు. ఆవిడ ఉద్యోగం పోయింది, దాంతో బీమా కార్డూ పోయింది. తుంటి ఎముక అరిగిపోయింది, మార్చాలన్నారు డాక్టర్లు. సర్కారు బీమా అరవై ఐదుకి గానీ రాదు. అప్పటిదాకా ఇలా ఈడ్చుకోవలసిందే.

"పాపమే," అన్నాడు గ్రాబోస్కీ. "కానీ పని మాది." అని ఎడమ జేబులో చెయ్యి పెట్టాడు. మొదటి కంప్లయింటు: రెగ్యులర్ డ్రైవరు స్థలంలో వ్యాను నిలుపుట.

అక్కణ్ణుంచి ఉప్పూ నిప్పే. రెగ్యులర్ లారీలు నిండకుండా సీజను వాళ్ళకు పార్సెల్ ఇవ్వకూడదన్నది మరో నిబంధన. మేనేజరు హోల్కమ్, పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన కుర్రాడు, దాన్ని రోజూ దాటేవాడు. గ్రాబోస్కీ రోజూ రాసేవాడు. ఏ వీధిలో ఆ నీలం వ్యాను కనబడినా లారీ ఆపి, వేళ చూసుకుని, ఇంటి నంబరు చూసుకుని రాసేవాడు. ఆర్లీన్ చెయ్యి ఊపేది. "తలుపు దగ్గరగా వెయ్యి, చలి కొడుతుంది" అని కేకేసేది. పుండు మీద కారమే అది.

ఆరో కంప్లయింటు మరీ ఘోరం. హాలండ్ వీధిలో డచెస్ అనే ముసలి బుల్‌డాగ్ ఉంది. పదకొండేళ్ళుగా గ్రాబోస్కీ చేతి బిస్కట్టు తింటోంది. ఒకనాడు బిస్కట్టు చూపిస్తే మొహం పక్కకి తిప్పేసుకుంది. ఏమిటా అని ఆరా తీస్తే, ఆర్లీన్ దానికి పెప్పరోనీ ఉండలు, అంటే కారం మాంసం కూరిన రొట్టె ఉండలు, పెడుతోందట! మన ఊళ్ళో పుట్టిన ఏ ప్రాణి అయినా పెప్పరోనీ ఉండ రుచి మరిగాక ఎండు బిస్కట్టు కొరుకుతుందా? ఆ రాత్రి గ్రాబోస్కీకి నిజంగానే అన్నం సహించలేదు. ‘రెగ్యులర్ డ్రైవరు కుక్కను లోబరుచుకొనుట’ అని రాశాడు.

"సిగ్గు లేకపోతే సరి," అంది బెర్నీస్. "నువ్వూ నవంబరులోనే కదా చేరావు, మంచుబొమ్మగా. మర్చిపోయావా?"

"అప్పటి రూల్స్ వేరు."

"అప్పటి నడుము వేరు. రూల్స్ అవే."

ఇక హోల్కమ్ సంగతి. మొదట్లో రెండు మూడు కాగితాలు చదివాడు. ఆ తర్వాత గ్రాబోస్కీ బూట్ల చప్పుడు వినగానే పెన్ను తీసి, తల ఎత్తకుండా సంతకం గీకేసేవాడు. పది సెకన్లలో వదిలిపోతుందంటే ఎవరు మాత్రం చదువుతారు?

డిసెంబరు పదకొండున సరస్సు మీంచి మంచు విరుచుకుపడింది. నడుములోతు. హోల్కమ్ డిపో మూసేశామని చెప్పి అందర్నీ ఇంట్లోనే ఉండమన్నాడు. గ్రాబోస్కీ ఇంట్లో వేసుకునే పొడుగాటి కోటు తగిలించుకుని, కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పదకొండూ పది అయింది. వీధి మలుపులో నీలం వ్యాను కనిపించింది. జారుతూ, మూలుగుతూ వచ్చి ఆయన వాకిట్లోనే ఆగింది. ఆర్లీన్ దిగి, గుమ్మం మెట్లు ఒక్కొక్కటే, తుంటి మీద చెయ్యి పెట్టుకుని ఎక్కింది.

గ్రాబోస్కీ తలుపు తెరిచాడు. "డిపో మూశారు కదా! నువ్వెలా తిరుగుతున్నావు?"

"హోల్కమ్ ఫోన్ చేశాడు. పెద్ద సంచులు నాలుగు మా వాకిట్లో దింపించాడు. పార్సెళ్ళు ఇచ్చినట్టు ఇవాళ మెషీన్‌లో కొట్టొద్దు, రేపు కొడదాం అన్నాడు." ఆవిడ పొట్లం చేతికిచ్చింది. "కవరు తడిసి చిరిగింది నాయనా. ఉన్ని లాగులు. ఎర్రవి. మంచి పని చేశావు, ఈ వయసులో అక్కడ చలి తగలకూడదు."

ఎదురింటాయన మంచు పారతో తోస్తూ పార ఆపి మరీ విన్నాడు.

గ్రాబోస్కీ తలుపు వేసి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని పంతొమ్మిదో కంప్లయింటు రాశాడు. కోపంలో ఒక్క ముక్కా వదల్లేదు. మర్నాడు పొద్దున్నే హోల్కమ్ ముందు పెట్టాడు. హోల్కమ్ ఫోన్‌లో మాట్లాడుతూనే సంతకం పెట్టాడు.

డిసెంబరు ఇరవై మూడు ఉదయం. లారీలు నింపుకునే వేళ. ఆర్లీన్ పసుప్పచ్చ చొక్కా మడతపెట్టి పట్టుకుని వచ్చింది. మొహంలో ఎప్పటి దర్జా లేదు. డ్రైవర్లందరికీ తలా ఒక కుకీ పంచింది. గ్రాబోస్కీ దగ్గరికొచ్చి చిన్న కాగితం సంచీ ఇచ్చింది.

"ఇది నీకు కాదు, డచెస్‌కి. రోజూ ఒకటే పెట్టు, దాని కడుపు మంచిది కాదు."

"ఏం, వెళ్ళిపోతున్నావా?"

"నిన్న సాయంత్రం చెప్పాడు. ఇరవై తొమ్మిది అయ్యాయట."

"ఇరవై తొమ్మిదేమిటి?" అన్నాడు గ్రాబోస్కీ. లెక్క తప్పితే ఆయన ఒళ్ళు ఊరుకోదు. "ముప్పై. నిన్నటితో ముప్పై."

"మంచు రోజు కలిపితే ముప్పయ్యే. నేనూ అదే అన్నాను. డిపో మూసి ఉంటే నువ్వెలా పనిచేశావు, రుజువేది అన్నాడు. నా దగ్గరేముంది?" ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు గానీ ముక్కు ఎగబీల్చింది. "పోన్లే. నాలుగేళ్ళేగా. మెట్లున్న ఇళ్ళకి వెళ్ళడం మానేస్తే సరి."

గ్రాబోస్కీ చెయ్యి జేబు తడుముకుంది. రుజువు ఉంది. ఈ భూమ్మీద ఒక్కటే రుజువు. అది, ఎవరి కంటా పడకూడదని యూనియన్‌కీ పంపకుండా, బీరువాలోనూ పెట్టకుండా, ఎడమ జేబులోనే, గులాబీ రంగులో, మడతపెట్టి ఉంది. అందులో లాగులు కూడా ఉన్నాయి.

ఆయన నోరు మూసుకుంటే చాలు, మంచుబొమ్మ కరిగిపోతుంది. డచెస్ మళ్ళీ తన దగ్గరికొస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఒక నిమిషం పాటు, దాచడం ఎందుకు, నిజంగానే నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆవిడ వ్యాను వైపు నడిచింది. ఆ కుంటు నడక చూసి, ఏ ఇంటికి ఎన్ని మెట్లో తెలిసిన మనిషి కనుక, ముప్పై రోజుల్లో ఆవిడ ఎన్ని మెట్లు ఎక్కిందో మనసులో కూడుకున్నాడు.

"ఛీ, వెధవ బతుకు!" అన్నాడు పైకే. "ఆర్లీన్! ఆగు! నాతో రా!"

హోల్కమ్ గది తలుపు అక్టోబరు నుంచీ సరిగ్గా పడదు. అందుకని ఇరవై ఇద్దరు డ్రైవర్లు గుమ్మంలో నిలబడి విన్నారు.

"డిసెంబరు పదకొండున ఈవిడ పనిచేసింది," అన్నాడు గ్రాబోస్కీ.

"డిపో మూసి ఉంది వెండెల్," అన్నాడు హోల్కమ్, అదే చిరునవ్వుతో. "ఆవిడ పార్సెల్ ఇచ్చిందని ఎవరైనా చూశారా?"

గ్రాబోస్కీ గులాబీ కాగితం తీశాడు. గొంతు సవరించుకున్నాడు. "కంప్లయింటు నంబరు పంతొమ్మిది. డిసెంబరు పదకొండు, గురువారం, పదకొండూ పది. సీజను మనిషి ఆర్లీన్ స్కాలైజ్ ఈస్ట్ ఇరవై రెండో వీధి, నాలుగు వందల పద్దెనిమిది నంబరు ఇంట్లో పార్సెల్ ఇచ్చింది."

"అది నీ ఇల్లే కదా గురూ," అన్నాడు రికో.

"నోర్ముయ్. ‘మేనేజరు ఫోన్ చేసి పంపినట్టు స్వయంగా ఒప్పుకుంది. అంతేగాక...’" ఇక్కడ గ్రాబోస్కీ ఆగాడు.

"అంతేగాక?" అన్నాడు హోల్కమ్. "మొత్తం చదవాలి. సగం చదివితే చెల్లదు."

గ్రాబోస్కీ కళ్ళు మూసుకుని చదివాడు. "‘అంతేగాక, సదరు పార్సెల్‌లో ఉన్నవి నా ఎర్ర ఉన్ని లాగులని, ఈ వయసులో అక్కడ చలి తగలకూడదని, వీధంతా వినేలా ప్రకటించింది.’"

గుమ్మంలో ఒకడు కూలబడ్డాడు. ఇంకొకడు వాణ్ణి పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. ఆర్లీన్ గోడవైపు తిరిగిపోయింది, భుజాలు ఊగుతున్నాయి. గ్రాబోస్కీ మొహం ఆ లాగుల కంటే ఎర్రగా ఉంది. అయినా కాగితం బల్ల మీద పెట్టి, అట్టడుగున వేలు ఆనించాడు.

"ఇదెవరి సంతకం?"

హోల్కమ్ వంగి చూశాడు. చిరునవ్వు ఎటు పోయిందో మరి కనబడలేదు.

"మిగతా ఇరవై రెండూ ఇంటి దగ్గరున్నాయి," అన్నాడు గ్రాబోస్కీ. "కావాలంటే అవీ చదువుతాను. కుక్కది కూడా."

అవసరం పడలేదు. మధ్యాహ్నానికల్లా ఆర్లీన్ పేరు జాబితాలోకెక్కింది, అట్టడుగున, రెండు వందల పదమూడో పేరుగా.

జనవరిలో ఆవిడకి డిపో లోపలే, చిన్న పార్సెళ్ళ బల్ల దగ్గర పని ఇచ్చారు. తుంటి ఆపరేషను ఫిబ్రవరి తొమ్మిదికి ఖాయమైంది. ఒకనాడు గ్రాబోస్కీ లారీ నింపుకుంటూ అటు చూశాడు. చిన్నవాటి మధ్యలోకి పొరపాటున ఒక ఇనప పెనాల పెట్టె వచ్చి పడింది. ఆవిడ దాన్ని రెండు చేతులా జరపబోతోంది. ఈయన గబగబా వెళ్ళి పెట్టె ఎత్తేశాడు.

"కింద పెట్టు," అంది ఆర్లీన్.

"బరువుందే. నీ నడుము..."

"ఇది బల్ల దగ్గరి వాళ్ళ పని. డ్రైవర్లు ముట్టుకోకూడదు. రూలు." ఆవిడ చెయ్యి చాపింది. "కాగితం ఇయ్యి."

"ఏం కాగితం?"

"కంప్లయింటు కాగితం. నీ మీద."

రికో పని ఆపేశాడు. గ్రాబోస్కీ పెట్టెను బల్ల మీద పెట్టాడు, మెల్లిగా, ఎక్కడుందో అక్కడే. ఎడమ జేబులోంచి ఒక కాగితం తీసిచ్చాడు, పెన్ను కూడా ఇచ్చాడు. ఆవిడ పెట్టె మీదే పెట్టుకుని, బడిపిల్లలా నాలుక కొస బయటపెట్టి, ఆయన పేరంతా రాసింది.

ఆయన ఆవిడ భుజం మీంచి తొంగి చూశాడు.

"తేదీ వెయ్యి," అన్నాడు. "అన్నిటికన్నా అదే ముఖ్యం."