బాక్టీరియా ఇల్లు

కోట జూనియర్ కాలేజీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడం గారికి, ఏ పాఠమైనా ఎదురుగా కూర్చున్నవాళ్ల మీద పెట్టి చెప్పే అలవాటు ఉండేది. కణాల పాఠం రోజున ఆమె వేలు నా వైపు తిరిగింది.

"ఏరా, మీ ఇంట్లో వండేది ఏడ? పడుకునేది ఏడ?"

"అంతా ఒకటే గది మేడం. వలలు కూడా ఆడనే."

"అదేరా బాక్టీరియా! గదుల్లేవు. డీఎన్ఏ చుట్టూ పొర కూడా లేదు, నడిమధ్యన ఊరికే పడుంటాది. మన కణంలో అయితే కేంద్రకానికో గది, మైటోకాండ్రియాకో గది."

సాయంత్రానికి కాలేజీ అంతా నన్ను బాక్టీరియా అని పిలిచింది. మర్నాడు నేను స్టాఫ్ రూముకు వెళ్లి, మా అమ్మ పడుకునే చోట చీర అడ్డంగా కట్టి ఉంటుందనీ, కనుక ఆ పోలిక చెల్లదనీ ఫిర్యాదు చేశాను. ఆమె నవ్వలేదు. నేరుగా క్లాసుకు వచ్చారు.

"వీళ్లింట్లో తెర ఉండాదంట. తప్పు నాదే. నేనుండే అద్దె గదిలో అది కూడా లేదు. ఈ పొద్దు నుంచి బాక్టీరియాని నేనే."

కానీ మేడంను ఆ పేరుతో పిలిచే ధైర్యం ఎవరికుంది? మధ్యాహ్నానికల్లా అది మళ్లీ నాకే అంటుకుంది. ఇన్నేళ్ల తర్వాత మొన్న మూడు గదుల ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం ఫొటో మేడం కూడా ఉన్న మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

"చూడండ్రా, మన బాక్టీరియాకు కేంద్రకం వచ్చినాది!" అని అందరికన్నా ముందు రాసింది మేడమే.