వెనక తలుపు మనిషి

వీధిలో అందరూ ఆయన్ని ఏడుగురాయన అనేవారు. ఇంట్లో ఉండేది మాత్రం ఒక్కడే.

వయసులో ఉండగా ఒక పొట్టి హాస్యచిత్రంలో వేశాడు. జనాభా లెక్కల గుమాస్తా ఒక ఇంటి ముందు తలుపు కొడతాడు. తీసిన మనిషే, గుమాస్తా సందు తిరిగొచ్చేలోగా మీసం మార్చుకుని వెనక తలుపూ తీస్తాడు. తాత, తండ్రి, బావమరిది, వంటవాడు, అలా ఏడుగురూ ఈయనే. చివరికి గుమాస్తా బుర్ర తిరిగి వీధి దీపం స్తంభాన్ని కూడా రాసేసుకుంటాడు. నేను తిరిగిన ఊళ్ళలో ఈ బొమ్మ మాటెత్తితే "ఆ, చూశాం" అన్నవాళ్ళే గాని నిజంగా చూసినవాడు ఒక్కడూ తగల్లేదు. పెద్ద పుస్తకాలకీ ఇదే గతి, అది వేరే గొడవ.

అప్పట్లో నేను ఆయన పై వాటాలో అద్దెకుండేవాణ్ణి.

"మీసాలు నేనే పెట్టుకున్నాననుకున్నారా?" అన్నాడొక సాయంత్రం. "మా ఆవిడండీ. జిగురు గిన్నె పట్టుకుని వెనక తలుపు చాటున నిలబడేది. నేను రొప్పుతూ వస్తే, ఊపిరి బిగబట్టవయ్యా మగడా అని కసిరి, టపీమని అతికించేది."

"తెరమీద ఆవిడ పేరు వేశారా?"

"పేరా? ఒకసారి మోచెయ్యి కనబడితే దాన్నే కత్తిరించి పారేశారు."

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ యేడు జనాభా లెక్కలకి ఒక పంతులమ్మ వచ్చింది. నేను మెట్ల మీదున్నాను.

"ఇంట్లో ఎంతమంది తాతగారూ?"

"ఇద్దరం."

"మామ్మగారేరీ?"

"వెనక తలుపు దగ్గర."

పంతులమ్మ తొంగి చూసింది. అక్కడ చీపురూ, ఖాళీ బకెట్టూ ఉన్నాయి. నావైపు చూస్తే తల అడ్డంగా ఊపాను.

"పోయినవాళ్ళని రాయకూడదండీ. నా ఉద్యోగానికే ఎసరొస్తుంది."

"ఉన్నప్పుడూ రాయలేదమ్మా. లెక్కలవాళ్ళు వచ్చినప్పుడల్లా మేం నాటకాలు కట్టుకుని ఊళ్ళమ్మట తిరుగుతుండేవాళ్ళం. ఏ ఇంట్లోనూ ఆవిడ లెక్కలోకి రాలేదు." వెనక తలుపుకేసి చెయ్యి చూపించి, "పోనీ, ఒక్కసారి అటు తిరిగొచ్చి తలుపు కొట్టు తల్లీ" అన్నాడు.

ఆమెకి ఇంకా బోలెడు వీధి మిగిలి ఉంది. అయినా సందు తిరిగి వెళ్ళి వెనక తలుపు కొట్టింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఎంతకీ తలుపు తెరుచుకోలేదు. లోపల ఏదో మూత కిందపడి దొర్లిన చప్పుడు.

తీశాడు. మీసం సగం పెదవి మీద, సగం బుగ్గ మీద. జిగురు గడ్డం దాకా కారింది. తెరమీద ఏడు మీసాలు మార్చిన మనిషి, సొంత చేత్తో ఒక్కటీ పెట్టుకుని ఎరగడు.

పంతులమ్మ నవ్వలేదు. సంచీ గడప మీద పెట్టి, బొటనవేలితో మీసాన్ని సరిచేసి నొక్కింది. అలవాటు కొద్దీ ఆయన ఊపిరి బిగబట్టాడు.

"ఒక్కరనే రాయాలండీ" అంది మెల్లగా.

ఆమె చెయ్యి తీసేసినా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఊపిరి వదిలాడు.

"రాసుకో తల్లీ."