తలె సుత్తు

ఆ రోజుల్లో కన్నడం నాకు వచ్చేసిందని గట్టి నమ్మకం. గుంటూరు నుంచి బెంగళూరొచ్చి ఎంబీబీఎస్‌లో చేరిన కొత్తలోనే ఒక సూత్రం కనిపెట్టాను: తెలుగు మాటలో 'ప' తీసి 'హ' పెడితే కన్నడం అయిపోతుంది (పాలు హాలు, పులి హులి). "ఒరేయ్, కన్నడ క్లాసుకి రారా, పేషెంట్లు నీ సూత్రం ప్రకారం మాట్లాడరు" అని మా మారతహళ్ళి రూమ్మేటు మొత్తుకునేవాడు. వింటేనా!

ఫైనలియర్ ప్రాక్టికల్స్ వచ్చాయి. నాకిచ్చిన పేషెంటు బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో పనిచేసే ఒక అక్క. ఆవిణ్ణే అడిగి, పరీక్షించి, జబ్బేమిటో ఎగ్జామినర్‌కి చెప్పాలి. తప్పితే మా బ్యాచంతా హౌస్ సర్జన్లయిపోతారు, నేను ఆరు నెలలు వెనకబడతాను. "ఏనాయ్తు అక్కా?" అన్నాను దర్జాగా. "తలె సుత్తు బందు బిద్దె సార్" అంది. తల, సుత్తి, వచ్చి, పడింది. అయ్యో పాపం, తలమీద సుత్తి పడిందన్నమాట! వెంటనే గాయం కోసం ఆవిడ జుట్టు పాయలు పాయలుగా విడదీసి వెతకడం మొదలెట్టాను. "హేను ఇల్ల సార్, హేను ఇల్ల!" అని ఒకటే గింజుకుంది. 'ఏనూ ఇల్ల', అంటే ఏమీ లేదంటోంది, ఎంత గుండె ధైర్యమో అని మెచ్చుకున్నాను కూడా.

ఎగ్జామినర్ పాత బెంగళూరు తెలుగాయన. నా కథంతా శ్రద్ధగా విని, "సుత్తి ఎంత బరువుండాదప్పా?" అన్నారు.

"మధ్యరకం సార్."

"గాయం యాడుండాది?"

"జుట్టు ఒత్తు సార్. ఇంకా దొరకలేదు."

ఆయన అక్క వైపు తిరిగి కన్నడంలో ఏదో అడిగారు. ఆవిడ నన్ను చూపిస్తూ చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఆయమ్మ కళ్ళు తిరిగి పడిందంటప్పా. నువ్వు పేలు చూస్తాండావనుకోని, లేవు లేవు అని మొత్తుకున్నాదంట."

(పేను, హేను! నా సూత్రమే. అవసరానికి అదీ చెయ్యిచ్చింది.)

ఆరు నెలలూ కళ్ళముందు కనిపించాయి.

"ఇంగేమన్నా చూసినావా?"

"కంటిరెప్పల లోపల పాలిపోయి ఉంది సార్. సుత్తి దెబ్బకి రక్తం పోయిందేమోనని..."

"సుత్తి పక్కన పెట్టి చెప్పప్పా."

"రక్తం తక్కువ సార్. అందుకే కళ్ళు తిరిగాయి."

"ఇది ముందే చెప్పుంటే నాకూ సుత్తి తప్పేది గదా" అని నవ్వారు. పాసయ్యాను.

ఇప్పుడు నా క్లినిక్ ఆ బొమ్మనహళ్ళిలోనే. పొద్దున్నే తినకుండా షిఫ్టుకి పరిగెత్తే అక్కలు "తలె సుత్తు సార్" అంటూ వస్తారు. "తిండి ఆయ్తా?" అని మంచి కన్నడంలోనే అడుగుతాను. ఈలోగా నా చూపు మాత్రం, వద్దన్నా వినకుండా, ఒక్కసారి వాళ్ళ నడినెత్తి దాకా వెళ్ళి వస్తుంది.