అతుకున్న శంఖం

మా సైన్సు టీచర్ పోయారు. మొన్న ఆదివారం, చర్చి విడిచే వేళకు, భద్రాచలం దవాఖానాలో. దుమ్ముగూడెం దగ్గర మా ఊరి బడిలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ల గ్రూపులో కబురు పడింది. వెంటనే దాని కింద పూలూ దండాలూ వరుసకట్టాయి. చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. బతికుండగా ఆమె అడిగింది ఒక్కటే, అది ఎవరూ ఇవ్వలేదు.

ఆమె చెల్లెల్ని సముద్రం ఒడ్డు ఊరికిచ్చారు. సెలవులకు వెళ్లినప్పుడల్లా టీచర్ సంచిలో శంఖాలు, ఆల్చిప్పలు మోసుకొచ్చి సైన్సు గదిలో పెట్టేవారు. మేమేమో శంఖం చెవిన పెట్టుకుని సముద్రం వినబడుతోందని మురిసేవాళ్లం. ఆమెకు చిర్రెత్తేది. "దాంట్ల సముద్రం లేదు, మీ లొల్లే ఉంది. కండ్లు పెట్టి చూడుండ్రి," అనేవారు.

శంఖం మొన చూపించి, దాన్ని కట్టుకున్న సముద్రపు నత్త పసితనం అక్కడుందని చెప్పేవారు. లోపలి మెత్తటి జీవి సముద్రపు నీళ్లలోంచి సున్నపు సరుకు తీసుకుంటుందట. ఒంటి పొరతో దాన్ని మూతి అంచున కొద్దికొద్దిగా పేరుస్తుందట. గుల్ల పెరిగేదల్లా ఆ మూతి దగ్గరే. ఇల్లు ఇరుకైందని నత్త వదిలిపోదు, ఉన్నదానికే కలుపుకుంటూ పోతుంది.

వాటిల్లో ఒక శంఖమంటే ఆమెకు ప్రాణం. దాని నడుమున వంకర గీత ఉండేది. ఏ ఎండ్రకాయ విరగ్గొట్టిందో, నత్త లోపలి నుంచి మళ్లీ పూడ్చుకుంది. "పానం ఉన్నంతసేపే బిడ్డా, ఈ మరమ్మతు," అనేవారు దాన్ని కొంగుతో తుడుస్తూ.

రిటైరయ్యాక ఆ ఒక్కటి ఇమ్మని అడిగారు. బడి ఆస్తి, కుదరదన్నాడు కొత్త హెడ్మాస్టరు. ఆ ఆస్తిని ఏం చేశాడో పంద్రాగస్టుకు తెలిసింది. శంఖాలన్నీ తెచ్చి, జెండా గద్దె చుట్టూ మూతులు కిందికి పెట్టి సిమెంటు చేయించాడు. అందానికట! టీచర్ జెండా వందనం అయ్యేదాకా నిలబడి, చాక్లెట్ కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. మళ్లీ ఆ గేటు దాటి లోపలికి రాలేదు. నేను వెళ్లి ఇదేం పనని అడిగితే హెడ్మాస్టరు నవ్వాడు.

"పాత గుల్లలకు గింత లొల్లి ఏందమ్మా?"

నిన్న ఆ గద్దె ముందే సంతాప సభ పెట్టారు. అదే పెద్దమనిషి కళ్లు తుడుచుకుని, టీచరమ్మ జ్ఞాపకాలు ఈ బడిలో పదిలంగా ఉన్నాయన్నాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. సిగ్గన్నా ఉండాలి.

అందరూ వెళ్లాక వంగి ఆ గీతున్న శంఖం కోసం వెతికాను. దొరికింది. ఆమె సమాధి మీద పెడదామని రెండు చేతులా పట్టుకుని లాగాను. ఠప్పున విరిగింది. అతుకు దగ్గర కాదు, దాని కింద. అతుకు చెక్కుచెదరలేదు.

చేతికొచ్చిన ఆ ముక్కనే తీసుకెళ్లి పచ్చి మట్టి మీద పెట్టాను. నత్త అన్నిటికన్నా చివర కట్టుకున్న మూతి అంచు మాత్రం జెండా గద్దె సిమెంటులో తెల్లగా తేలి ఉంది.