బస్సుకు పోసిన వాగు నీళ్లు

నువ్వు రాస్తూ ఉండు, నేను అడ్డాకులతో విస్తర్లు కుడుతూ చెబుతాను. చేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదు. ఈ కుట్టుడు కూడా ఒకప్పుడు బస్సులోనే అయిపోయేది. ఇప్పుడెందుకు ఇంట్లో కూర్చుని కుడుతున్నానో చెప్పాలంటే ఆ బస్సు సంగతంతా చెప్పాలి.

మనూరికి భద్రాచలం నుంచి వచ్చేది ఒకటే బస్సు. పొద్దున వచ్చి మమ్మల్ని తీసుకుపోతుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది. విస్తరాకులైనా చింతపండైనా అమ్ముకోవాలంటే అదే దిక్కు, ఒంట్లో బాగాలేకపోతే దవాఖానాకు పోవాలన్నా అదే దిక్కు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉత్తదే అయ్యాక, అసలు పని లేనివాళ్లు కూడా ఎక్కడం మొదలుపెట్టారు. మా తోడికోడలు ఒకసారి జడపిన్నుల కోసం పోయి, జడపిన్నులు మరిచిపోయి వచ్చింది.

ఊరు దాటగానే వాగు, వాగు దాటగానే గుట్ట. బస్సుకు ఆ గుట్టతోనే పేచీ. సగం ఎక్కేసరికి డ్రైవర్ ముందు వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. ముందు రేకు సందుల్లోంచి పొగలు వచ్చేవి. మలుపు దగ్గర పక్కకు ఆపి, ఇంజిన్ చల్లారేదాకా కూర్చునేవాళ్లం. చల్లారాక డ్రైవర్ గోనెపట్టా చేతికి చుట్టుకుని ఇంజిన్‌లో నీళ్లు పోసే మూత తిప్పితే, మేం తలా ఒక సీసా అందించేవాళ్లం. అది మా పద్ధతి అయిపోయింది. వాగు దగ్గర బస్సు ఒక్క నిమిషం ఆగేది. అందరం దిగి రెండేసి సీసాలు నింపుకునేవాళ్లం. ఒకటి తాగడానికి, ఒకటి బస్సుకు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు ముందు నేర్పేది అదే.

నిజం చెప్పనా, ఆ ఆగడం మాకు ఇష్టంగానే ఉండేది. ఇంట్లో ఎవరికి తీరిక? మలుపు దగ్గర చెట్ల నీడలో కూర్చుంటే రెండు మూడు కట్టల విస్తరాకులు కుట్టేసేదాన్ని. ఎవరి కోడలు ఎలాంటిదో, ఎవరింట్లో ఏం వండారో అన్నీ అక్కడే తేలేవి.

డ్రైవర్‌ది ఇల్లందు. వాళ్ల నాయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. ఇతను మన బస్సు మీదే ఏళ్లుగా ఉన్నాడేమో, మన గూడెం భాష కూడా కొంచెం పట్టుకున్నాడు. నన్ను అవ్వా అంటాడు. నేను ఎక్కి కూర్చున్నాకే గేరు వేస్తాడు. నా మోకాళ్లు పట్టేశాయని తెలుసు కదా.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు, బస్సు ఇంకా పూర్తిగా చల్లారకముందే మూత తిప్పాడు. అందులో తప్పు మాది కూడా ఉంది, సంతకు పొద్దెక్కిపోతోందని మేమే తొందరపెట్టాం. ఆవిరి ఎగదన్ని మోచేతి దాకా కాలింది. కలబంద గుజ్జు రాసి, నా కొంగు చింపి కట్టాను. ఆ తర్వాత అంత ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కానే వేసుకుని వచ్చేవాడు. డిపోలో చెప్పావా అని అడిగితే నవ్వి గేరు వేశాడు.

కొన్నాళ్లకు కండక్టరమ్మ ఒక కబురు చెప్పింది. ఆ రకం బస్సులన్నింటికీ ఇంజిన్ వేడెక్కుతోందట. లోపల నీళ్లను తిప్పే పంపులో లోపం ఉందట. కంపెనీవాళ్లే వెనక్కి పిలిపించుకుని, ఉత్తగనే మార్చి ఇస్తారట. ముందుగా ఒక మనిషి వచ్చి, ఏ బస్సు ఎంత పాడైందో చూసిపోతాడట.

ఆమె మంచి మాటే చెప్పింది. మాకు మాత్రం, పోయిన బస్సు మళ్లీ వస్తుందా అని భయం. గోదారి పొంగిన ఏడు, రోడ్డు బాగయ్యేదాకా అని చెప్పి బస్సు ఆపారు. రోడ్డు తొందరగానే బాగైంది. బస్సు రావడానికి మాత్రం రెండు వానాకాలాలు పట్టింది. నీ తల్లి పురిటినొప్పులతో ట్రాక్టర్‌లో పోయింది అప్పుడే. ఆ ట్రాక్టర్‌లో పుట్టినదానివే నువ్వు, ఇది కూడా రాయి.

అందుకని కంపెనీ సారు వచ్చి ఎక్కిన రోజు, అతని ముందే, మా భాషలో మాట్లాడుకుని ఒక ఉపాయం వేశాం. అందరూ వాగు దగ్గర దిగిపోవాలి. గుట్ట మీద అమ్మవారికి మొక్కు ఉంది, నడిచే ఎక్కుతామని చెప్పాలి. ఖాళీ బస్సు ఎంత గుట్టయినా వేడెక్కకుండా ఎక్కుతుంది. సీసాలన్నీ గంపల అడుగున దాచేశాం. సారుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. డ్రైవర్‌కు అర్థమైందని నాకు తెలుసు, అద్దంలో నన్నే చూశాడు.

అందరూ దిగారు. నా మోకాళ్లతో నేను ఎక్కలేను కాబట్టి బస్సులోనే ఉండిపోయాను.

బస్సు గుట్ట ఎక్కింది. ముల్లు గీత దాకా కూడా పోలేదు. పైన చదును మీద ఆపి, నడిచి వచ్చేవాళ్ల కోసం చూస్తున్నాం. సారు కాగితం తీసి, ఎప్పుడైనా వేడెక్కుతుందా అని డ్రైవర్‌ను అడిగాడు.

"ఎప్పుడన్నా జర అయితది సార్. గంతే."

సారు ఊ కొట్టి, ఈ బస్సుకు తొందరేం లేదు, ఎక్కువ పాడైనవి ముందు పిలుస్తాం, ఇది ఆఖరున చూద్దాం అని రాసుకోబోయాడు. అప్పుడు డ్రైవర్ చొక్కా చెయ్యి కొంచెం పైకి లాగి, కాలిన చోట ఊదుకున్నాడు. ఎవరూ చూడట్లేదనుకున్నాడు. వెనక సీట్లో నేను ఉన్నానని మరిచిపోయినట్టున్నాడు.

బస్సు ఆఖరున పోతే అన్ని రోజులూ ఆ మూత తిప్పేది ఈ చెయ్యే కదా అనిపించింది.

"సారూ, ఇంకా రాయకు," అన్నాను. "కిందికి పోయి మా వాళ్లందరిని ఎక్కించుకొని మళ్ల ఎక్కు. ఏమైతదో నువ్వే చూస్తవ్."

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "అవ్వా, ఊకో. బస్సు పోతది."

"పోతే పోనీ బిడ్డా. ముందుగాల సార్‌కు నీ చెయ్యి చూపెట్టు."

సగం గుట్ట ఎక్కి ఆయాసపడుతున్న మా వాళ్లను మళ్లీ కింది దాకా తీసుకుపోయి, బస్సు తిప్పుకుని వస్తుంటే, మా తోడికోడలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్లముందే ఉంది. "మొక్కని నడిచింది మేము, బస్సుల కూసున్నది నువ్వు. గిదేం బుద్ధక్కా?" అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఎప్పటి మలుపు దగ్గరే పొగ లేచింది. సారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పూర్తిగా చల్లారాక తనే మూత తీసి, కింద గొట్టం విప్పాడు. ఎర్రమట్టి నీళ్లు బుడబుడా వచ్చాయి, అడుగున ఒండ్రు. ఇందులో ఏం నీళ్లు పోస్తున్నారని అడిగాడు.

దాచాలన్న సంగతి అప్పటికే అందరూ మరిచిపోయారు. మా తోడికోడలే ముందుకొచ్చి, గంపలోంచి సీసా తీసి చూపించింది. "మా వాగు నీళ్లే సారూ. రోజు పోస్తం. ఒక్కనాడు గూడ తప్పలే."

సారు నెత్తి పట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పంపు లోపం కంపెనీదే. కానీ మేం పోసిన మట్టి నీళ్లతో సన్న గొట్టాలన్నీ పూడుకుపోయాయి. దానికి వేరే మందునీళ్లు ఉంటాయట. ఇలాగే ఇంకొన్నాళ్లు నడిస్తే గుట్ట మధ్యలో ఇంజిన్ పట్టేసేదట, బస్సునిండా జనంతో. అంత ప్రేమగా పోశాం మరి.

మర్నాడే బస్సు పోయింది. దాని వెనకే ఊళ్లోవాళ్లు నాతో మాట్లాడటం కూడా మానేశారు. షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న ప్రతి ఆడదీ నన్నే తలుచుకునేది. తోడికోడలు ఇంటిముందు నుంచి పోతూ కూడా పలకరించేది కాదు. రోజూ పొద్దున్నే గంప పక్కన పెట్టుకుని, హారన్ కోసం చెవులు అటే వేసి కూర్చునేదాన్ని. రాకపోతే ఈ ఊళ్లో ఎలా తిరగాలా అని భయం.

వాన మొదలుకాకముందే వచ్చింది. అదే బస్సు, అదే డ్రైవర్. పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. కాలినచోట చర్మం కొత్తగా, లేతగా మెరుస్తోంది. ముందు దాన్నే చూశాను.

అలవాటు పోతుందా? వాగు దగ్గర అందరూ సీసాలు నింపారు. మలుపు వచ్చేసరికి ఒడిలో పెట్టుకుని లేవబోయారు కూడా. బస్సు ఆగలేదు. ఒకే ఊపులో గుట్ట ఎక్కేసింది. పైకి వచ్చాక డ్రైవర్ వెనక్కి చెయ్యి చాపాడు.

"ఒక సీసా ఇటియ్యి అవ్వా. దప్పికైతున్నది."

మా తోడికోడలు లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. కొంచెం జరగమని మోచేత్తో పొడిచింది కూడా. "ఆపకపోయె. సగం ఇస్తర్లు గూడ కాలే. ఇగ సంతకు ఏం తీస్కపోవాలె? అంత నీతోనే," అంది. అన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

అందుకే ఇప్పుడు ముందురోజే ఇంట్లో కూర్చుని కుట్టుకోవలసి వస్తోంది. సీసాలు మాత్రం ఇప్పటికీ రెండేసి మోస్తున్నాం. రెండోది డ్రైవర్ తాగుతాడు. ఏదీ, ఆకులు కుట్టే ఆ పుల్లల కట్ట ఇటివ్వు.